గోడమీది సుందరి

అన్నం తినే చోట గోడమీద ఏ బొమ్మ ఉండాలి?

చాలామందికి ఇదొక ప్రశ్నగా కూడా తోచదు. ఇంట్లో అయితే దేవుడి క్యాలెండరు, పళ్లబుట్ట బొమ్మ, పిల్లల ఫోటోలు. హోటల్లో అయితే యజమాని ఇష్టం. తినేవాళ్లకి ఆహ్లాదంగా ఉంటే చాలనుకుంటాం. కానీ ఆహ్లాదం అంత అమాయకమైన మాటేం కాదు. ఎవరికి ఆహ్లాదం, ఎవర్ని చూసి ఆహ్లాదం, ఆ ఆహ్లాదాన్ని తయారుచేసే చేతులు ఎక్కడున్నాయి అని అడగడం మొదలుపెడితే గోడమీది బొమ్మ గోడమీదే ఉండిపోదు, వంటింటి దాకా వస్తుంది. విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన తరం మాది. ఇంటి వంటగదిలో దాగిన రాజకీయాల్ని స్త్రీవాద సాహిత్యం మాకు ఓపిగ్గా విప్పి చూపించింది. ఇవాళ నగరంలో ఆ వంటగది వీధిలోకొచ్చి వ్యాపారమైంది. అక్కడ వడ్డించే గదికీ వండే గదికీ మధ్య గోడ ఇంకా మందంగా తయారైంది. ఆ గోడకి ఇటువైపు ఏ బొమ్మ వెయ్యాలో తేల్చే పనిలో నేను కూడా కొన్నాళ్లు తలదూర్చాను. ఈ వ్యాసం ఆ ఆలోచనల్లోంచి వచ్చింది.

నా స్నేహితురాలు ఒకామె ఇంటీరియర్ డిజైనర్. యూనివర్సిటీ హాస్టల్లో మావి పక్కపక్క గదులు. నిరుడు హైదరాబాద్‌లో ఒక రెస్టారెంటు లోపలి అలంకరణ పని ఆమె చేతికొచ్చింది. యజమానికి అంతా 'క్లాసికల్‌గా' ఉండాలట. అజంతా చిత్రాల ఆధారంగా గోడలు చేద్దామని ఆమె అంటే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏ చిత్రాలు తీసుకోవాలి, వాటి కథలేమిటి, మెనూ కార్డుమీద నాలుగు వాక్యాలు ఏం రాయాలి అనే పని నాకు అప్పజెప్పింది. నా పరిశోధన ప్రబంధాల్లో నాయికా వర్ణనమీద. "ఆడవాళ్ల బొమ్మల సంగతి నీకంటే ఎవరికి తెలుసే" అంది.

అజంతా హైదరాబాద్‌కి పరాయిది కాదు. 1956 వరకు ఆ గుహలున్న ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోదే. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. దాని డైరెక్టర్ గులాం యజ్దానీ ఆ చిత్రాలమీద నాలుగు సంపుటాలు తెచ్చాడు. 1920లో ఇటలీనుంచి నిపుణుల్ని పిలిపించి రాలిపోతున్న రంగుల్ని నిలబెట్టే ప్రయత్నం చేశారు. 1909 నుంచి 1911 వరకు ఆ గుహల్లో నకళ్లు తీసిన క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఇంగ్లండులో స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి పనిచేసిన మనిషి. ఆ పనిలో ఆమెకి తోడ్పడిన వాళ్లలో నందలాల్ బోస్ ఉన్నాడు, నిజాం రాజ్యంనుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్ ఉన్నాడు. ఇక్కడ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా నకళ్ల గ్యాలరీ ఒకటుంది. మేమిద్దరం అక్కడికి రెండుసార్లు వెళ్లాం. కాబట్టి హైదరాబాద్‌లో భోజనశాలకి అజంతా గోడలు కావాలనుకోవడం వింత కోరికేం కాదు.

నా స్నేహితురాలు ముఖ్యమైన గోడకి, అంటే ఫ్యామిలీ సెక్షన్‌లో లోపలికి రాగానే ఎదురుపడే గోడకి ఎంచుకున్నది 16వ గుహలోని చిత్రం. అయిదో శతాబ్దంలో వాకాటక రాజు హరిషేణుడి మంత్రి వరాహదేవుడు తొలిపించిన గుహ అది. పందొమ్మిదో శతాబ్దంలో దొరలు ఈ చిత్రానికి 'మరణిస్తున్న రాకుమారి' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది. ఆసనంమీద ఒరిగిపోయిన స్త్రీ, వాలిన తల, సగం మూసుకున్న కళ్లు. వెనకనుంచి ఒకామె ఆమెని పట్టుకుని ఉంది. మరొకామె విసురుతోంది. బొంబాయి ఆర్ట్ స్కూలునుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడ నకళ్లు తీసిన జాన్ గ్రిఫిత్స్, దుఃఖాన్ని ఇంతకంటే బాగా చూపించిన చిత్రం కళాచరిత్రలోనే లేదన్నంతగా మెచ్చుకున్నాడు.

ఆమె రాకుమారి అన్నది నిజం. మరణించడం మాత్రం కథలో లేదు. ఆమె సుందరి అనీ, బుద్ధుడి సవతి తమ్ముడు నందుడి భార్య అనీ పండితులు గుర్తించారు. కథ అశ్వఘోషుడి 'సౌందరనందం'లో ఉంది. సుందరి మొహంమీద చిత్రరచన చేసుకుంటుంటే నందుడు అద్దం పట్టుకుని సరసాలాడుతుంటాడు. ఆ సమయంలో బుద్ధుడు భిక్షకొచ్చి, ఎవరూ చూడక వట్టి చేతులతో వెనుదిరుగుతాడు. అన్నగారికి నమస్కారం పెట్టి వస్తానంటాడు నందుడు. మొహంమీది రంగు తడి ఆరేలోపు రావాలి సుమా అంటుందామె. అతను మళ్లీ రాడు. ఇష్టం లేకుండానే సన్యాసిని చేస్తారు అతన్ని. ఆ వార్త తెలిసినప్పటి సుందరే గోడమీద ఉన్న స్త్రీ. నందుడి మోక్షానికి కావ్యంలో పేజీలకి పేజీలున్నాయి. సుందరికి ఒక సర్గ విలాపం. ఒకరి విముక్తికి ఇంకొకరు చెల్లించిన మూల్యంలా ఉంటుంది ఆ కథ.

ఆ గోడకి ఆనుకుని బఫే బల్ల ప్లానులో ఉంది. సూపు, స్టార్టర్లు, బిర్యానీ, చివర్న డబుల్ కా మీఠా. వాటి వెనక మూర్ఛపోతున్న సుందరి. ఇది సరిగ్గా లేదన్నాను. ఎందుకు లేదో చెప్పమంది నా స్నేహితురాలు. ఆమె వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తాను.

"మ్యూజియంలో పెడితే గౌరవం, హోటల్లో పెడితే అవమానమా? మనం వెళ్లిన రెండుసార్లూ ఆ గ్యాలరీలో మనమే ఉన్నాం. ఇక్కడికి రోజుకి రెండొందలమంది వస్తారు. ఇరవైమంది తలెత్తి చూసినా చాలదా? ఇంకోమాట. నీ థీసిస్ అంతా నాయికల విరహమే కదే. వాళ్ల ఏడుపుమీద నీకు డాక్టరేటొచ్చింది. నాకు ఫీజొస్తే తప్పొచ్చిందా?"

రెండో మాట నన్ను ఆలోచనలో పడేసింది. ప్రబంధం చదివినవాళ్లకి తెలుసు, అందులో నాయిక బాధకి కూడా ఒక పద్ధతి ఉంటుంది. విరహం, చంద్రుణ్ణి తిట్టడం, మన్మథుణ్ణి తిట్టడం, చెలికత్తెలు చేసే శైత్యోపచారాలు. గంధం పూస్తారు, తామరాకులు పరుస్తారు, కర్పూరం చల్లుతారు, విసురుతారు. సభలో కూర్చుని వినే మగవాళ్లకి అది విందు. విందు అన్నమాట నేను అలంకారంగా వాడటం లేదు. మన కావ్యశాస్త్రం పునాదే వంటింటి మాటమీద ఉంది. రసం అంటే ఏమిటని అడిగితే, రకరకాల వ్యంజనాలతో వండిన అన్నాన్ని తినేవాళ్లు రుచిని ఆస్వాదించినట్టు ప్రేక్షకులు భావాల్ని ఆస్వాదిస్తారని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. అంటే మన దృష్టిలో సహృదయుడు మొదటినుంచీ తినేవాడే. సౌందర్యశాస్త్రమే ఒక భోజనశాల. మరి వండినదెవరు, వండబడినదెవరు అన్న ప్రశ్న ఆ శాస్త్రంలో ఎక్కడా వినిపించదు.

ఇతరుల శోకం మనకి ఎలా రుచిస్తుంది? దీనికి భట్టనాయకుడు, అభినవగుప్తుడు ఇచ్చిన సమాధానం సాధారణీకరణం. రంగంమీది దుఃఖం ఫలానా మనిషి దుఃఖంగా ఉండటం మానేసి అందరికీ చెందిన భావంగా మారుతుంది. అప్పుడే దాన్ని ఆస్వాదించగలం. పక్కింటావిడ ఏడుస్తుంటే మనం ఆస్వాదించం, లేచి వెళ్తాం. సీత ఏడుస్తుంటే కూర్చుని చూస్తాం. ఇది గొప్ప పరిశీలనే, కాదనను. అయితే ఈ సాధారణీకరణంలో ఎవరి పేరు ముందు చెరిగిపోతుందో చూడాలి. నందుడి పేరు చెరగలేదు, అతను సాధించిన అర్హత్వం చెరగలేదు. సుందరి 'మరణిస్తున్న రాకుమారి' అయిపోయింది. ఎవరు, ఎందుకు, ఎవరివల్ల అన్నవన్నీ పోయి ఒరిగిన మెడ వంపు మిగిలింది.

అయినా గుహకీ రెస్టారెంటుకీ ఒక తేడా ఉంది. గుహలో ఆ చిత్రాన్ని చూడాలంటే దీపం పట్టుకుని దగ్గరికి నడవాలి. చూడటం అక్కడ ఒక పని. రసాస్వాదనకి అడ్డొచ్చే విఘ్నాలేమిటో అభినవగుప్తుడు జాబితా వేశాడు. మనసు ఒకచోట నిలవాలన్నది ఆయన షరతు. సాధారణీకరణంతోబాటు ఏకాగ్రత కూడా ఉంటే దాన్ని కళ అంటాం. ఏకాగ్రత పోయి సాధారణీకరణం ఒక్కటే మిగిలితే అది అలంకరణ అవుతుంది. నా థీసిస్‌కీ ఆ గోడకీ తేడా ఎక్కడుందో స్నేహితురాలికి ఇలాగే చెప్పాను. విరహాన్ని చదువుతూ ఎవరికోసం రాశారు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవర్ని మాట్లాడనివ్వలేదు అని అడగడమే నా పని. బఫే బల్ల వెనక బొమ్మ పెడితే అడగకుండా ఉండటానికి వీలు కల్పించినట్టే. "అది నీ ఉద్దేశం, నీ పాఠకుల సంగతి నీకేం తెలుసు" అంది నవ్వుతూ. అదీ నిజమే.

ఈ వాదన జరుగుతున్న రోజుల్లోనే నేను పాంపేయి గురించి చదువుతున్నాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన నగరం. 2024 ఏప్రిల్‌లో అక్కడ ఒక విందుశాల బయటపడిన వార్త ప్రపంచమంతా వచ్చింది. సుమారు 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. గోడలన్నీ నలుపు. దీపాల పొగమసి కనబడకుండా నలుపు వేశారని అక్కడి డైరెక్టర్ వివరించాడు. ఆ నలుపుమీద గ్రీకు గాథల బొమ్మలు. పారిస్‌ని కలుసుకుంటున్న హెలెన్. అపోలోతో కసాండ్రా. హంసతో లీడా. రాత్రి దీపాల వెలుగు రెపరెపలాడుతుంటే, ద్రాక్షసారా తాగిన కళ్లకి ఆ బొమ్మలు కదిలినట్టుండేవట.

ఆ ముగ్గురు స్త్రీలెవరో చూడండి. హెలెన్, ఒక యుద్ధానికంతా నింద మోసిన స్త్రీ. కసాండ్రా, దేవుడి కోరిక కాదన్నందుకు, నిజం చెప్పినా ఎవరూ నమ్మకూడదన్న శాపం మోసిన స్త్రీ. లీడా, హంస రూపంలో వచ్చిన దేవుడి చేతిలో చెరచబడిన స్త్రీ. అతిథులు మాట్లాడుకోవడానికి విషయాలుగా వాళ్లని గోడలకెక్కించారు. ఆ గదికి కొంచెం దూరంలో, అదే ఇళ్ల సముదాయంలో, అంతకుముందు 2023 డిసెంబరులో ఇంకో వార్త. రొట్టెలు చేసే కొట్టు ఒకటి బయటపడింది. వెలుతురు కోసం ఎత్తున చిన్న కిటికీలు, వాటికి ఇనుప ఊచలు. వీధిలోకి దారి లేదు. బానిసలనీ, తిరగలి తిప్పే గాడిదలనీ అందులో బంధించేవారని పురాతత్త్వవేత్తలు తేల్చారు. గానుగ చుట్టూ కళ్లకి గంతలతో తిరిగే జంతువుల అడుగులు తప్పకుండా నేలమీద గాడులు చెక్కి ఉన్నాయి.

ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు విషయం స్పష్టమైంది. గోడమీది స్త్రీని చూడకుండా తినడం, గోడ వెనకున్న మనిషిని చూడకుండా తినడం, ఈ రెండూ ఒకే అలవాటు. మొదటిది రెండోదానికి శిక్షణ.

దీనికి మనకి బాగా దగ్గరి కాలపు ఉదాహరణ లండన్‌లో ఉంది. ఇప్పుడు టేట్ బ్రిటన్ అని పిలిచే మ్యూజియంలో భోజనశాల గోడలకి బొమ్మలు వెయ్యమని ఇరవయ్యొకటో ఏట ఉన్న విద్యార్థి రెక్స్ విస్లర్‌కి పని అప్పగించారు. తోటి విద్యార్థిని నాన్ వెస్ట్ సహాయకురాలు. 1926, 27లలో పని జరిగింది. 'అరుదైన మాంసాల కోసం యాత్ర' అనేది ఇతివృత్తం. పాత యూరోపియన్ చిత్రాల్లోని తోటలు, మండపాలు, నీలి కొండల ధోరణిలో వేసిన అందమైన వేడుక చిత్రం. దొరసానులు, దొరలు గుర్రాలమీద, బళ్లలో లోకం చుట్టి వస్తుంటారు. యూరప్‌లోకెల్లా సరదా అయిన గది అని అప్పట్లో పేరొచ్చింది.

ఆ సరదాలో ఒక మూల ఒక నల్లజాతి పిల్లవాణ్ణి పట్టుకుపోతుంటారు. వాడి తల్లి ఒంటిమీద బట్టల్లేకుండా చెట్టుమీంచి భయంతో చూస్తుంటుంది. ఇంకోచోట వాణ్ణి మెడకి పట్టీతో బండి వెనక కట్టి పరిగెత్తిస్తుంటారు. మొత్తం గోడలో ఇవి చిన్న బొమ్మలు, వెతికితేగాని కనపడవు. తొంభై ఏళ్లపాటు వాటి పక్కన కూర్చుని మనుషులు భోంచేశారు, మంచి ద్రాక్షసారాయాలకి ఆ రెస్టారెంటుకి పేరు కూడా ఉండేది. 2013లో ఆ చిత్రాన్ని శుభ్రం చేసి పునరుద్ధరించారు. శుభ్రం చేస్తున్నప్పుడు చూసే ఉంటారు కదా. కోవిడ్‌తో 2020లో రెస్టారెంటు మూతపడింది. అదే ఏడు విమర్శ పెద్దదైంది, మ్యూజియం నైతిక సంఘం ఆ చిత్రం అవమానకరమైనదని చెప్పింది. 2022లో ఆ గదిని ఇక రెస్టారెంటుగా వాడబోమని ప్రకటించారు. 2024లో ఆ గదిలోనే కీత్ పైపర్ అనే నల్లజాతి కళాకారుడి వీడియో పెట్టారు. దాని పేరు 'వైవా వోచె', అంటే మనం థీసిస్‌కి ఇచ్చే మౌఖిక పరీక్ష. ఒక అధ్యాపకురాలు విస్లర్‌ని కూర్చోబెట్టి ఈ బొమ్మలు ఎందుకు వేశావని అడుగుతుంది.

ఆ గోడని చెరిపెయ్యలేదు, పరదా వెయ్యలేదు. అక్కడ తినడం మానేశారు. చూడటం మొదలైంది. నాకు నచ్చినది ఈ మార్పు. కానీ నన్ను వదలనిది ఆ చెట్టుమీది తల్లి. తొంభై ఏళ్లలో ఆమెని చూసినవాళ్లు ఉండే ఉంటారు. వడ్డించేవాళ్లలో, గిన్నెలు తీసేవాళ్లలో, బల్లలు తుడిచేవాళ్లలో. రోజూ ఎనిమిది గంటలు ఆ గదిలో నిలబడేవాళ్లు వాళ్లే కదా. తినేవాళ్లు ఒక పూట వచ్చి పోతారు. గోడమీద ఏముందో పనివాళ్లకే బాగా తెలుస్తుంది. వాళ్లని అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ ఒక వాదన నుంచి నన్ను నేను వేరుచేసుకోవాలి. కళ పవిత్రమైనది, తిండి దగ్గర పెడితే మైలపడుతుందనే వాదన ఉంది. దీనికి పెద్ద ఉదాహరణ మార్క్ రోత్కో. న్యూయార్క్‌లో సీగ్రామ్ భవనంలోని ఫోర్ సీజన్స్ రెస్టారెంటుకి చిత్రాలు వెయ్యడానికి 1958లో ఒప్పుకుని, 1959లో అక్కడ ఒకసారి భోంచేసి, అంతంత ధర పెట్టి అలాంటి తిండి తినేవాళ్లు తన బొమ్మలు ఎన్నటికీ చూడరని, డబ్బు తిరిగిచ్చేశాడు. వాటిలో తొమ్మిది 1970లో లండన్ టేట్‌కి చేరాయి. అప్పట్లో టేట్ అంటే విస్లర్ గోడ ఉన్న భవనమే. రెస్టారెంటుని కాదన్న చిత్రాలు పైన గౌరవంగా, రెస్టారెంటు గోడమీది తల్లీబిడ్డా కింద సరదాగా, ఒకే కప్పుకింద ఉన్నాయి. రోత్కో ఆలోచన తన చిత్రాల గౌరవం గురించి. ఆ పట్టుదలని గౌరవిస్తాను. కానీ కళ వేరు, కూడు వేరు అనే తర్కం మన దేశంలో పలికితే అది మడి భాష అవుతుంది. ఎవరి ఎదుట తినకూడదు, ఎవరు చూస్తే అన్నం చెడుతుంది, ఎవరి చేతి నీళ్లు ముట్టకూడదు అనే లెక్కలన్నీ ఆ భాషలోవే. హోటలు బోర్డుమీద 'బ్రాహ్మణ' అనే మాట ఉండకూడదని పెరియార్ అనుచరులు 1957లో మద్రాసులో వీధికెక్కాల్సి వచ్చింది. అందరికీ హోటల్లో ప్రవేశం ఉండాలని రాజ్యాంగం 15వ అధికరణంలో విడిగా రాసుకోవలసి వచ్చింది. అందరూ కలిసి కూర్చుని తినే గది మనకి సులువుగా రాలేదు. అలాంటి గదికి సుందరి రాకూడదనడానికి నాకు నోరు రాదు. సుందరి మైలపడుతుందన్నది నా భయం కాదు, సుందరి కనబడకుండా పోతుందన్నదే.

ఇదే మాట చెప్పి, అప్పుడు ఆ చిత్రాన్ని ఇంకోసారి చూశాం మేమిద్దరం. ఈసారి సుందరిని వదిలేసి ఆమె చుట్టూ ఉన్నవాళ్లని. వెనకనుంచి ఆనించి పట్టుకున్న స్త్రీ, విసురుతున్న స్త్రీ. నిలబడి చేసే పనిలోనే ఉన్నారు. యజమానురాలి దుఃఖానికైనా కళాచరిత్రలో చోటుంది. ఆ వేళ విసనకర్ర పట్టుకున్న ఆమెకి పేరు లేదు, కావ్యంలో సర్గ లేదు. ప్రబంధంలో శైత్యోపచారాలు చేసే చెలికత్తెలకీ అంతే. నాయిక గుండె మండుతుంటే గంధం తీసే చేతులు నొప్పెడతాయని ఏ కవీ రాయలేదు. స్త్రీవాదం రాకుమారి దగ్గరే ఆగిపోకూడదని దళిత, మైనారిటీ రచయిత్రులు చెప్పిన పాఠం ఈ గోడమీదే ఉంది.

నా స్నేహితురాలు ల్యాప్‌టాప్‌లో ప్లాను తెరిచింది. కస్టమర్ల వైపు కొలతలన్నీ అంగుళాల్లో ఉన్నాయి. కుర్చీకీ కుర్చీకీ ఎంత, దీపం ఎంత ఎత్తులో, ఏ రంగు వెలుతురు. వెనకవైపు ఒక డబ్బా గీసి 'కిచెన్' అని రాసుంది. గిన్నెలు కడిగే ఆడవాళ్లు బట్టలు మార్చుకునేది ఎక్కడ? వాళ్లకి టాయిలెట్ ఎక్కడ? మధ్యాహ్నం మూడింటికీ సాయంత్రం ఆరింటికీ మధ్య కాసేపు కూర్చునేది ఎక్కడ? ప్లానులో ఇవేవీ లేవు. ఆమె దాచినవి కావు. యజమాని ఇచ్చిన అవసరాల జాబితాలోనే లేవు. అందరు యజమానులూ ఇచ్చే జాబితా అదే.

కేరళలో కోళికోడ్‌లో బట్టల కొట్లలో పనిచేసే స్త్రీలు పి. విజి నాయకత్వంలో మొదట పోరాడింది మరుగుదొడ్డి కోసం. ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాల్ని సవరించి పనిచోట కూర్చునే వీలు కల్పించాలని రాశాయి. కూర్చోవడానికి ఒక స్టూలు కోసం చట్టం కావలసి వచ్చిందంటే, నిలబడి ఉన్నవాళ్లని చూడకుండా ఉండటం మనకెంత బాగా అలవాటైందో తెలుస్తుంది. పదిహేను వందల ఏళ్ల కిందటి గోడమీద కూడా వాళ్లు నిలబడే ఉన్నారు.

మేం యజమాని ముందు రెండు మాటలు పెట్టాం. ఒకటి, సుందరి ఉంటే బఫే వెనక వద్దు, జనం బల్ల దొరికే దాకా ఎదురుచూసే చోట పెట్టాలి, పక్కన ఆమె పేరూ కథా తెలుగులో రాయాలి. ఎదురుచూడటమంటే ఏమిటో ఆమెకి తెలుసు. రెండు, వెనకవైపు ఆడవాళ్లకి ఒక గది, టాయిలెట్ ఉండాలి. దానికి ముందువైపు రెండు బల్లలు తగ్గుతాయి. ఆయన మర్యాదగానే విన్నాడు. "మేడమ్, ఇలాంటి కథ చదివితే ఫ్యామిలీల మూడ్ పాడవుతుంది" అన్నాడు. సుందరిని పూర్తిగా తీసెయ్యమన్నాడు. ఆ స్థానంలో అజంతా పైకప్పుల్లోని తామరలు, హంసలు, పళ్లు వచ్చాయి. రెండోదానికి మాత్రం చాలాసేపు బేరమాడి, చివరికి ఒక బల్ల వదులుకున్నాడు. గది చిన్నదే. గొళ్లెం ఉంది, ఫ్యాను ఉంది, రెండు బెంచీలున్నాయి.

దీన్ని గెలుపనాలా, ఓటమనాలా అని నా స్నేహితురాలూ నేనూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. గోడమీది స్త్రీ పోయి గోడ వెనకున్న స్త్రీలకి చోటొచ్చిందని ఆమె అంటుంది. మాట బాగుంది. నాకు మాత్రం అది పూర్తి నిజమనిపించదు. సుందరిని తీసేసింది ఆమె మీద గౌరవంతో కాదు. ఆమె కథ తెలిస్తే తినేవాళ్లకి ఇబ్బంది కాబట్టి. పేరు లేనంతవరకు బఫే వెనక ఉండటానికి ఆమెకి అభ్యంతరం లేకపోయింది. పేరు రాయగానే పనికిరాకుండా పోయింది. స్త్రీ దుఃఖం అలంకారంగా ఉన్నంతసేపు స్వాగతం, సంగతిగా మారితే మూడ్ పాడుచెయ్యడం. ఇది ఒక్క రెస్టారెంటు నియమమే కాదు, ఇళ్లలో, సభల్లో, సాహిత్యంలో మనకి బాగా పరిచయమైన నియమం.

అందుకని నాకు దొరికిన జవాబు ఇది. భోజనశాల గోడమీద ఏ బొమ్మయినా ఉండొచ్చు, దుఃఖమైనా సరే. కానీ దానికి రెండు షరతులు. ఆ మనిషి పేరు అక్కడ ఉండాలి, ఆ పేరు విన్నాక మన చెయ్యి ఒక్క క్షణం ఆగడానికి వీలుండాలి. ఆ గదిలో ఈవేళ పనిచేస్తున్నవాళ్లు ఆ బొమ్మకంటే తక్కువగా కనబడకూడదు. మొదటి షరతు ఒక్కటే పాటిస్తే అది మ్యూజియం మర్యాద. రెండోది ఒక్కటే పాటిస్తే కార్మిక చట్టం. రెండూ కలిస్తేగాని అది నలుగురూ కలిసి తినే గది కాదు. అలాంటి గది నేనింతవరకు చూడలేదు. తామరలూ హంసలూ ఉన్న ఆ గోడ అందంగానే ఉంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆ ఇబ్బంది లేకపోవడమే నన్ను ఇబ్బంది పెడుతోంది.